రెండు తలుపుల కారు, నా ఎత్తు బండి

మా అత్తగారు కన్నకొడుకు నడిపే బండి ఎక్కడం మానేశారు. బొబ్బిలిలో గుడికి వెళ్ళాలన్నా, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా ఆటో పిలిపించుకునేవారు. వాకిట్లో కొడుకు తాళాలు పట్టుకుని నిలబడి ఉన్నా అటు చూసేవారు కాదు. మా బంధువుల్లో ఈ సంగతి తెలియనివారు లేరు. ఎందుకో కూడా తమకు తెలుసనే అందరూ అనుకునేవారు. అసలు కారణం మాత్రం నాకు తెలుసు, ఆ కొడుక్కి తెలుసు. మా అమ్మాయికి కూడా తెలుసన్న సంగతి నాకు చాలా కాలం తెలియలేదు.

ఆ కొడుకు నా భార్యకు అన్నయ్య. మేమిద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఆయన దగ్గర ఒక పాత కారుండేది. మా మామగారు జనపనార వ్యాపారం చేసే రోజుల్లో, మిల్లు మేనేజరొకాయన కలకత్తా వెళ్ళిపోతూ అమ్మేసిన విదేశీ కారు. రెండే తలుపులు. ముక్కు పొడుగు, తోక పొట్టి. పైకప్పు ముందు నుంచి వెనక్కి ఒక్క వంపుగా జారిపోయేది. పాలపిట్ట రెక్క విప్పితే కనబడే నీలం దాని రంగు. వెనక సీటు ఉందంటే ఉంది, ఇద్దరు చిన్నపిల్లలో ఒక కూరల బుట్టో పడతాయి. మామగారు పోయాక దాన్ని బావే చూసుకున్నాడు. భాగాలు ఎక్కడా దొరకవు. సాలూరులో లారీలకు పనిచేసే లేతు దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ చేయించేవాడు. చలికాలం పొద్దున చోకు లాగి, దానితో ఏదో మాట్లాడుతూ స్టార్టు చేసేవాడు. ఎండాకాలం గేరు పక్క నుంచి వేడి తన్నేది. వానాకాలం కాళ్ళ దగ్గర నీళ్ళు. మా అత్తగారు మోకాళ్ళ నొప్పులతో అందులోకి దిగలేక, "ఇది కారేటిరా, నేల మీద పీటేసుకుని కూకున్నట్టుంటాది. దిగాలంటే ఇద్దరు పట్టి లాగాల" అని తిట్టుకునేవారు. తిట్టుకుంటూనే ఎక్కేవారు. అప్పటికింకా ఎక్కేవారు.

నాది ఎత్తు బండి. విజయనగరంలో నా సిమెంటు వ్యాపారం నిలబడ్డాక కొన్నాను. ఏడుగురు కూర్చోవచ్చు. పక్కన ఆటోలో కూర్చున్నవాళ్ళు మోకాళ్ళ ఎత్తులో కనబడతారు. అద్దాలు ఎక్కించి ఏసీ వేస్తే బయటి లోకం సినిమాలో శబ్దం తీసేసినట్టు ఉంటుంది. ముందువాడు ఎగిరితే తప్ప రోడ్డు మీద గుంత ఉందని తెలియదు. కొన్న తృప్తి చాలక, ముందు ఇనప గార్డు కూడా బిగించాను. స్టీరింగు వెనక చిన్న తెర మీద లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తోందో అంకె కనబడుతుంది. కొత్తలో నేను రోడ్డు కంటే ఆ అంకెనే ఎక్కువ చూసేవాణ్ణి.

దాని మీదే మా ఇద్దరికీ వాదన. బావ నా బండి చుట్టూ తిరిగి, టైరు మీద అరిచేత్తో తట్టి, "బాగుంది బావా. పాలెన్నిస్తాది?" అనేవాడు.

"పాలేమిటి?"

"గేదె కాదేటి ఇది?"

అందరూ నవ్వేవారు. నా భార్యా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి గానీ, ఇంటికి వెళ్ళే దారిలో మాట్లాడేవాణ్ణి కాదు. నిజం చెప్పాలంటే, ఆ కారు పక్కన నా బండి నిలబడితే వీధిలో పిల్లలు దాని చుట్టూ చేరేవారు తప్ప నా దాని దగ్గరికి వచ్చేవారు కాదు. నాలాంటి బండ్లు ఆ రోజుల్లో వారానికొకటి దిగుతున్నాయి. అలాంటి కారు జిల్లాలో ఇంకొకటి లేదు. అది నాకు పడేది కాదు.

నేను సాలూరులో పుట్టినవాణ్ణి. మా నాన్నకు లారీలుండేవి. ఆ ఊళ్ళో పిల్లలకు నడక వచ్చాక రెండో విద్య లారీ మాటలే. సాలూరు దాటగానే ఒడిశా వైపు ఘాటీ మొదలవుతుంది. ఘాటీ అంటే కొండెక్కే మెలికల రోడ్డు. అక్కడ మా నాన్న డ్రైవర్లకు రెండే సూత్రాలు. ఎక్కిన గేరులోనే దిగాలి. దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టకూడదు. న్యూట్రల్ కొడితే ఇంజను పట్టు వదిలేస్తుంది, బండి దాని బరువుతో అదే జారిపోతుంది, బ్రేకు ఒక్కదాని మీదే భారమంతా పడుతుంది. కానీ డీజిలు మిగులుతుంది. అందుకని డ్రైవర్లు యజమాని కన్నుగప్పి కొడుతుంటారు. అలా కొట్టి దిగిన ఒకాయన్ని మా నాన్న మా వాకిట్లోనే పని మాన్పించాడు. ఆయన బతిమాలాడు, "డీజిలు మిగిల్చాను గదా బాబూ" అని. మా నాన్న అన్న మాట నాకింకా చెవిలో ఉంది. "డీజిలు మిగుల్తాది సరే. నువ్వు మిగలొద్దేటి?"

నాకు తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదనే ఇదంతా చెబుతున్నాను.

ఆ ఏడు చలికాలంలో కోరాపుట్లో బంధువుల గృహప్రవేశానికి అందరం బయలుదేరాం. అప్పటికే విశాఖపట్నం నుంచి పాత కార్ల వ్యాపారి ఒకాయన రెండుసార్లు వచ్చి ఆ నీలం కారు చూసి వెళ్ళాడు. మా అత్తగారికి అమ్మేయాలనే ఉంది. దారి మధ్యలో ఎక్కడ ఆగిపోతుందో, కొడుకు ఏ లోయలో పడతాడో అని ఆవిడ భయం. బావ మాత్రం ససేమిరా అన్నాడు. ఆ పొద్దున వాకిట్లో ఆవిడ అందరి ముందూ తేల్చేశారు.

"ఒరే, ఈ ఒక్కపాలి సూస్తాను. ఏ అల్లరీ లేకుండా ఘాటీ ఎక్కి దిగొచ్చిందా, మీ నాన్న కారు నువ్వే ఉంచుకో, నానింక నోరెత్తను. మధ్యన ఏటైనా అయిందో, మర్నాడే అతగాడికి ఇచ్చీ."

"సరే అమ్మా" అన్నాడు బావ. "మాట మార్సకు మరి."

"నాకు మాట మార్సడం రాదు."

అలా ఆ ప్రయాణం ఆ కారుకు పరీక్ష అయింది. నేను పక్కనే ఉన్నాను. పరీక్షలో అది తప్పితే బాగుండునని నా మనసులో ఒక మూల అనుకున్నాను కూడా. ఇది నా భార్యకు కూడా ఇప్పుడే, ఇలా రాస్తేనే తెలుస్తుంది.

ఎక్కేటప్పుడు నా బండిలో నేను, నా భార్య, అమ్మాయి, అత్తగారు, బావ భార్య. నీలం కారులో బావ ఒక్కడే. సాలూరు దాటాక అమ్మవారి గుడి దగ్గర లారీల వెనక ఆగి, కొబ్బరికాయ కొట్టి ఘాటీ ఎక్కాం. బావ కారు చెవులు చిల్లులు పడేలా అరుస్తూ, మెలికల్లో నేలకు అంటుకుపోయి వెళ్ళింది. నా బండి చప్పుడు లేకుండా ఎక్కింది గానీ, ప్రతి మెలికలోనూ పక్కకు ఒరిగింది. అంత ఎత్తు మరి. మా అమ్మాయి అప్పటికి హైస్కూలు పిల్ల. సగం దారిలో కిటికీ దించమని, ఆపమని, చివరికి కవరు ఇమ్మని ఏడ్చింది.

కోరాపుట్లో భోజనాలయ్యాయి. తిరుగు ప్రయాణంలో సంతలో అల్లం బస్తా ఒకటి, కంద, చిక్కుడుకాయలు కొని నా బండి వెనక నింపారు. ఘాటీ దిగడం మొదలయ్యే చోట టీ కొట్టు దగ్గర ఆగాం. బావ టీ గ్లాసుతో వచ్చి నా కిటికీలోంచి తల పెట్టి ఆ చిన్న తెర వంక చూశాడు. ఎక్కేటప్పుడు అంకె బాగా పడిపోయింది.

"ఓలమ్మ! ఇదేటి బావా, ఇంతేనా? కుడితి సరిపోలేదేటి నీ గేదెకి?"

అక్కడ టీ తాగుతున్నవాళ్ళు కూడా నవ్వారు.

"నీ డబ్బాకు అసలు అంకెలే లేవు కదా" అన్నాను.

"దానికెందుకు? తాగిందంటే అదే సెప్తాది."

"సాలూరు దిగేసరికి ఈ అంకె ఎంతకు తెస్తానో చూడు."

"దిగేటప్పుడు ఎవడి బండికైనా వస్తాది. సూద్దుం."

అప్పుడే మా అమ్మాయి వెనక తలుపు తీసుకుని దిగింది. "నాన్నా, నేను మావయ్య కారులో వస్తాను. నీ బండిలో నాకు కడుపులో తిప్పుతోంది."

చిన్నపిల్ల మాట. కానీ బావ నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. ఆ కనుబొమ్మ నన్ను కుదిపేసింది. పిల్ల వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. ఆ తలుపు చప్పుడు పాత బీరువా మూసినట్టు వినబడింది.

బావ ముందు, నేను వెనక. మొదటి రెండు మెలికలు గేరులోనే దిగాను. ఇంజను మూలుగుతోంది. అంకె కదలడం లేదు. అత్తగారూ, బావ భార్యా మధ్య సీట్లో అప్పటికే కునుకు తీస్తున్నారు. నా భార్య పక్కన కూర్చుని పాటలు పెట్టింది. మూడో మెలిక దాటాక నేను గేరు తీసేశాను.

న్యూట్రల్ కొట్టగానే బండి హాయిగా జారింది. మూలుగు పోయింది. తెర మీద అంకె లేచింది. బ్రేకు నొక్కడం, వదలడం, నొక్కడం, వదలడం. ప్రతి మెలికకూ అంకె ఇంకొంచెం పైకి. బావ మాత్రం రెండో గేరులో ఇంజను అరిపిస్తూ, నింపాదిగా దిగుతున్నాడు. ఆయన బ్రేకులు పాతకాలానివి. వాటి మీద నమ్మకం లేదు కాబట్టి గేరును నమ్ముకున్నాడు. నా బ్రేకులు కొత్తవి, నేను వాటినే నమ్ముకున్నాను. ఆయన వెనక అంటుకుని హారను కొట్టాను, "జరుగు జరుగు" అన్నట్టు. బావ కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి గేదెను అదిలించినట్టు ఊపాడు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఊపాడు. పిల్ల వెనక్కి తిరిగి నవ్వుతూ చెయ్యి ఊపింది.

"ఏదో మాడుతున్నట్టు లేదూ?" అంది నా భార్య.

"ముందు లారీలేవో వెళ్ళాయి. వాటిది" అన్నాను. ముందు ఏ లారీ లేదని నాకు తెలుసు.

కాసేపటికి పెడల్ మెత్తబడింది. మొదట నా కాలే సరిగ్గా పడలేదనుకున్నాను. మళ్ళీ నొక్కాను. బురదలో కాలేసినట్టు కిందికంటా దిగిపోయింది, బండి ఆగలేదు. చేతి బ్రేకు లాగాను. వెనకెక్కడో కీచుమని, అంతే. గేరు వేయబోయాను. వేగానికి అది పడలేదు, పళ్ళు కొరికినట్టు చప్పుడు చేసింది. నా చెయ్యి చెమటకు జారింది. ముందు ఆ నీలం కారు వెనకద్దం, అద్దంలోంచి నా కూతురి జడ. అది పెద్దదవుతోంది.

హారను కొట్టాను. చెయ్యి ఎత్తకుండా కొట్టాను. బావ చెయ్యి బయటికొచ్చి మళ్ళీ గేదెను అదిలించింది.

దారంతా వేళాకోళానికి వాడిన హారను అది. ఇప్పుడది ప్రాణం కోసం అరుస్తున్నా అదే అర్థం. నేను లోపల అద్దాల వెనక నోరు తెరిచి ఏదో అరిచానట. ఏమని అరిచానో నాకు గుర్తులేదు. అప్పుడు పిల్ల వెనక్కి తిరిగింది. నవ్వబోయి ఆగిపోయింది. మావయ్య భుజం పట్టి ఊపడం చూశాను. బావ తల పైకెత్తి అద్దంలో చూశాడు.

ఆయన కావాలంటే ముందుకు పారిపోవచ్చు. తేలికైన కారు, ఆ మెలికల్లో దాన్ని నేను అందుకోలేను. కానీ కింద మెలికలో లారీ ఎక్కుతున్న చప్పుడు ఆయన విన్నాడు. ఘాటీలో ఎక్కేవాడిదే దారి. లారీ మెలిక మొత్తం తీసుకుని వస్తుంది, దిగేవాడు ఆగాలి. నేను ఆగలేను. బావ పారిపోతే నేనూ, మా ఆవిడా, వాళ్ళమ్మా, వాళ్ళావిడా ఆ లారీకి ఎదురుగా వెళ్ళేవాళ్ళం.

ఆయన పారిపోలేదు. కొంచెం వేగం పెంచి నా వేగానికి వచ్చాడు, కొంచెం కొంచెంగా తగ్గించాడు, నన్ను తగలనిచ్చాడు. నా ఇనప గార్డు ఆయన బంపరుకు తగలాలి కదా, తగల్లేదు. నా బండి ఎత్తు, ఆయనది నేలబారు. గార్డు డిక్కీ మీదికెక్కి, వెనకద్దం పగలగొట్టింది. లోపల పిల్ల తల రెండు చేతులతో కప్పుకుని కిందికి వంగింది. ఆ కారు ఇంజను అరిచిన అరుపు అద్దాలూ ఏసీ దాటి నాకు వినబడింది. మొదటి గేరులోకి లాగేశాడు. తోకలో నన్ను ఇరికించుకుని, ఆ చిన్న కారు రెండు బండ్ల బరువూ మోస్తూ, ఎడమవైపు కొండవార కాలవలోకి దిగి, రాళ్ళకు రుద్దుకుంటూ ఆగింది. నేనూ ఆగాను.

లారీ మెలిక తిరిగి, మా పక్కనుంచి మూలుగుతూ పైకి వెళ్ళిపోయింది. దాని డ్రైవరు మా వంక వింతగా చూశాడు.

అత్తగారు ఉలిక్కిపడి లేచారు. "ఏటైంది? ఏటైంది బాబూ?"

ఆ ప్రశ్నకు నా నోటి నుంచి జవాబు ఎంత తొందరగా వచ్చిందో, ఈ రోజుకీ నాకు ఆశ్చర్యమే. ఆలోచించలేదు. అల్లుకోలేదు. తలుపు తీస్తూనే అన్నాను: "బావ కారు ఒక్కసారిగా ఆగిపోయిందండీ. నేను వెనకే ఉన్నాను." నేను చేతి బ్రేకు లాగింది, అరిచింది అందుకేనని నా భార్యా అనుకుంది.

పిల్ల వైపు తలుపు కొండకు ఆనుకుని తెరుచుకోలేదు. బావ ముందు తను దిగి, పిల్లను తన వైపు నుంచే బయటికి తీశాడు. పిల్ల కనుబొమ్మ దగ్గర అద్దం గీసుకుని రక్తం కారుతోంది. నా భార్య పరుగెత్తి పిల్లను పట్టుకుంది. అత్తగారు కొడుకు వైపు తిరిగారు.

"ఆగిపోయిందా? ఒరే, నిన్నే. ఆగిపోయిందా?"

బావ నా మొహం చూశాడు. తర్వాత నా బండి ముందు చక్రాలు చూశాడు. వాటి నుంచి సన్నగా పొగ వస్తోంది. ఆయన నడిచి వచ్చి తల్లికీ చక్రాలకీ మధ్యన నిలబడ్డాడు.

"అవునమ్మా. ఆగిపోయింది. ఇటు రా, నీడలో కూకుందుగాని."

భుజం పట్టుకుని ఆవిడను పొగ కనబడని వైపుకు తీసుకెళ్ళాడు. నేను చూస్తూ నిలబడ్డాను. అప్పుడు నోరు విప్పితే ఒక్క మాటతో సరిపోయేది. పిల్లకు కట్టు కట్టాలి, నీళ్ళు తేవాలి, వేరే బండి పిలవాలి అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పకుండా ఉండటానికి మనిషికి ఎప్పుడూ చాలా పనులుంటాయి.

బొబ్బిలి చేరాక అత్తగారు కొడుకును వాకిట్లోనే నిలదీశారు. "తండ్రి కారు తండ్రి కారని ముద్దెట్టుకున్నావు. మేనకోడల్ని సంపీద్దువు గదరా. నీ సేతిలో బండీ నమ్మను, నిన్నూ నమ్మను. నీ బండి ఇంకెక్కను." ఆయన తల వంచుకుని విన్నాడు. మాట మార్చడం రాదన్నట్టే, విశాఖపట్నం వ్యాపారికి కబురు వెళ్ళింది. లారీ మీద ఎక్కించి తీసుకుపోయారు. నేను ఆ రోజు పనుందని విజయనగరంలోనే ఉండిపోయాను.

నా బండి బ్రేకులు బాగుచేయించాను. అడిగినవాళ్ళందరికీ పాత బండ్ల గురించి ఉపన్యాసం చెప్పేవాణ్ణి. పాతవి చూడటానికే బాగుంటాయి, ప్రాణాలకు భరోసా ఉండదు, ఎత్తు బండికి ఉన్న రక్షణ వేరు అని. నా బండి గట్టిది కాబట్టే మేము బతికామని నా భార్య బంధువులకు చెబుతుంటే పక్కనే కూర్చుని టీ తాగాను.

బావ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఎప్పుడూ "రా బావా, గేదె బాగుందేటి?" అని అరిచే మనిషి గుమ్మంలో లేచి నిలబడి, "రండి బావగారూ, కూర్చోండి" అన్నాడు. నా భార్య, అన్నయ్య పెద్దమనిషి అయ్యాడని నవ్వింది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో నాకు "మీరు", "బావగారు", వెండి గ్లాసులో మంచినీళ్ళు. వేళాకోళం లేదు. నా బండి వైపు ఆయన కన్నెత్తి చూడలేదు. ఏదో పాత చిన్న కారు కొనుక్కున్నాడు, నాలుగు తలుపులది. తల్లి ఎక్కుతుందేమోనని ఎత్తైన సీటున్నది చూసి కొన్నాడట. ఆవిడ ఎక్కలేదు.

ఒకసారి విశాఖపట్నం బీచి రోడ్డులో ఆ కారును చూశాను. ఎర్ర రంగు వేశారు. ఎవరో ఫొటోలు తీసుకుంటున్నారు. నేను అద్దం ఎక్కించుకున్నాను.

కొన్నేళ్ళకు అమ్మాయికి లైసెన్సు వచ్చింది. మళ్ళీ కోరాపుట్లో ఏదో శుభకార్యం, నా భార్యకు ఒంట్లో బాగాలేక నేనూ అమ్మాయీ వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో అదే టీ కొట్టు దగ్గర, "నేను నడుపుతాను" అని తాళాలు తీసుకుంది. అదే బండి. నేను పక్క సీట్లో కూర్చున్నాను. పిల్ల కిటికీ అద్దాలన్నీ దించేసింది. ఏసీ ఆపేసింది. రెండో గేరు వేసి దిగడం మొదలుపెట్టింది. ఇంజను మూలుగు లోపలంతా నిండింది. నా కళ్ళు అలవాటుగా ఆ చిన్న తెర మీదికి వెళ్ళాయి.

"అంకె పడిపోతోందని చూస్తున్నావా?" అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "న్యూట్రల్ కొట్టమంటావా నాన్నా?"

తెర మీంచి చూపు తిప్పుకున్నాను. ఒక మెలిక దాటాం. ఇంకొకటి దాటాం.

"మావయ్య చెప్పాడా?"

"మావయ్య ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు మా కారులో అద్దాలన్నీ దించి ఉన్నాయి. అన్నీ వినబడతాయి అందులో. దిగుతుంటే మావయ్య నాతో అన్నాడు, 'వింటన్నావేటే, మీ నాన్న బండి ఇంజను సప్పుడు లేదు. న్యూట్రల్ కొట్టీసినట్టున్నాడు. కిందికెళ్ళాక తిడతానుండు' అని. తర్వాత నీ మొహం చూశాను నేను."

"మరి ఇన్నాళ్ళూ..."

"కట్టు కట్టించేటప్పుడు మావయ్యే అన్నాడు. ఎవరికీ సెప్పకే, మీ అమ్మ తలెత్తుకోలేదు, మీ నాన్నే సెప్తాడులే అని." కనుబొమ్మ మీద తెల్లటి గీత దగ్గర చెమట తుడుచుకుంది. "నేను చూస్తూనే ఉన్నాను నాన్నా, ఎప్పుడు చెబుతావా అని. అమ్మమ్మ ఆటో ఎక్కినప్పుడల్లా నీ వంకే చూసేదాన్ని."

నేను ఆ చూపుల్ని ఎప్పుడూ గమనించలేదు. ఎత్తులో కూర్చున్నవాడికి చాలా కనబడవు.

సాలూరు దాటాక విజయనగరం వైపు పోకుండా, బొబ్బిలి రోడ్డు పట్టింది. అమ్మమ్మ ఇంటి ముందు ఆపింది. ఇంజను ఆపలేదు. "నువ్వు చెప్పేదాకా నేను లోపలికి రాను" అంది.

గేటు తీసుకుని వెళ్ళాను. అత్తగారు వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. బావ మెట్ల మీద పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి లేచాడు. "రండి బావగారూ."

నేను కూర్చోలేదు. చెప్పులు విప్పలేదు. విప్పితే చెప్పలేనేమో అనిపించింది. "అత్తయ్యా, ఆ రోజు ఘాటీలో ఆ కారు ఆగిపోలేదు. నేనే న్యూట్రల్‌లో దిగాను. నా బ్రేకులు పోయాయి. బావ తన కారు అడ్డం పెట్టి మనల్ని ఆపాడు. నేను అబద్ధం చెప్పాను."

ఇంకా ఏవో సంజాయిషీలు దారిలో అల్లుకున్నాను. అవేవీ రాలేదు. అంతకంటే ఏమీ లేదు కూడా.

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ సగం ఒలిచి అలాగే ఉంది. నా వైపు కాదు, కొడుకు వైపు చూశారు.

"నువ్వెందుకు నోరు మూసుకున్నావురా?"

"రోడ్డు మీద, సెల్లి ముందు ఏటి సెప్పమంటావమ్మా? తనే సెప్తాడనుకున్నాను. ఆ రేత్రికి సెప్తాడనుకున్నాను. కారు పట్టుకెళ్ళిన రోజు సెప్తాడనుకున్నాను." పేపరు మడతపెట్టాడు. "తర్వాత అనుకోడం మానీసాను."

ఆవిడ సగం ఒలిచిన కాయను పళ్ళెంలో పడేశారు. తర్వాత నాతో, గొంతు పెంచకుండా అన్నారు: "ఇంటల్లుడివి. నిన్ను ఏటీ అనకూడదు. అనను. గానీ లోపలికొచ్చి మజ్జిగ తాగు బాబూ అని ఈ పూట అనలేను."

"అనొద్దండీ."

చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి, స్తంభం పట్టుకుని మెల్లగా లేచారు. చీర కుచ్చిళ్ళు దులుపుకున్నారు. "ఒరే, తాళాలెక్కడున్నాయి? రామతీర్థం గుడికి ఎల్దాం."

"ఇప్పుడా? పొద్దోయేలవుతాది గదే."

"అవనీ. నువ్వు తోల్తావు గదా."

బావ తాళాల కోసం లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చేసరికి మొహం కడుక్కుని ఉన్నాడు. అత్తగారు ముందు సీట్లో కూర్చున్నారు. ఆయన ఇటు వచ్చి కూర్చున్నాడు గానీ, తాళం పెట్టి వెంటనే తిప్పలేకపోయాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని అలా ఉండిపోయాడు. ఆవిడ ఎదురుగా రోడ్డు వైపే చూస్తున్నారు.

నీలం కారు తిరిగి రాదు. ఆవిడ ఆటోలో వెళ్ళిన ఏళ్ళూ రావు. అది తెలిసే నేను ఆ వాకిట్లో నిలబడి ఉన్నాను, ఎటు కదలాలో తెలియక. బయట మా అమ్మాయి ఇంజను ఆపిన చప్పుడు వినబడింది.

బావ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"సూస్తావేటి బావా? గేటు తియ్యి."

తీశాను.